తెల్లనీళ్ళ బీడు బేరం

మంచుచుక్క స్వామి కొండ మీద మా వదిన హిలారియా ఒక పట్నం వ్యాపారిని ఓడించడం నేను కళ్ళారా చూశాను. ఆమెను పొగడడానికి ఇది రాయడం లేదు. ఆమెను పొగడమంటే నాకు నోరూ రాదు, చెయ్యీ రాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. స్వామి గుడి దాటి కాస్త పైకి పోతే, మరియ తల్లి బండ పక్కన రాళ్ళాట మైదానం ఉంది. యాత్రకు వచ్చినవాళ్ళం అక్కడ గీత గీసుకుని, దాని లోపల రాళ్ళు పేర్చి మోకాలెత్తు ఇళ్ళు, దొడ్లు కట్టుకుంటాం. నల్లరాయి ఉన్ని కోసం పెంచే అల్పకా, తెల్లరాయి గొర్రె, గులకరాళ్ళు డబ్బు. ఒకరు పోలీసు అవుతారు, ఒకరు జడ్జి అవుతారు, ఒకరు పెళ్ళిళ్ళు చేసే ఫాదరు అవుతారు. స్వామిని ఏది అడగాలని కొండెక్కామో దాన్ని ఆటలో కొనుక్కుంటాం. ఏడాది తిరిగేలోగా ఆయన ఇస్తాడు. ఇవ్వకపోతే మన ఆటలో ఏదో లోపం ఉందన్నమాట.

ఆ ఏడు కుస్కో పట్నం నుంచి ఒక టోపీవాడు వచ్చి గీత లోపల గుడ్డ పరిచాడు. సుద్దతో చేసిన బొమ్మ మేడలు, రేకు కార్లు, అచ్చేసిన ఉత్తుత్తి నోట్లు పేర్చాడు. జనం మూగారు. మా వదిన తన రాళ్ళ ఇంట్లోంచి లేచి వచ్చి వాడి ముందు నిలబడింది.

"ఎవడ్రా నువ్వు? నా దొడ్లో దుకాణం పెట్టావ్?"

"నీ దొడ్డా? ఎక్కడమ్మా? నాలుగు రాళ్ళున్నాయిక్కడ."

"ఆ నాలుగు రాళ్ళే దొడ్డి. కళ్ళు పట్నంలో పెట్టొచ్చావా?"

"ముసలమ్మా, రాళ్ళ రోజులు పోయాయి. ఇదిగో, రెండంతస్తుల మేడ. కిటికీలకి రంగు కూడా వేశాం. నిజం డబ్బులో ఇరవై సోళ్ళే. కొన్నావంటే ఏడాదిలో ఇల్లు ఖాయం."

"ఖాయం చేసేది నువ్వా, స్వామా?"

వాడు నవ్వాడు. వదిన వంగి పావడా ఒడి నిండా గులకరాళ్ళు ఏరుకొచ్చి వాడి గుడ్డ మీద కుమ్మరించింది.

"ఇదిగో డబ్బు. మేడలన్నీ కట్టివ్వు. కార్లు కూడా."

"ఇవి రాళ్ళమ్మా!"

"గీత లోపల కూర్చున్నావు నాయనా. ఇక్కడ ఇవే డబ్బు. ఎలుగన్నా! ఓ ఎలుగన్నా! ఇక్కడొకడు అమ్మకానికి పెట్టి అమ్మనంటున్నాడు!"

ఎలుగు వేషగాడు కొరడా ఊపుకుంటూ వచ్చాడు. యాత్రలో ఎలుగు వేషగాళ్ళ మాటకు తిరుగులేదు. పోలీసులు సైతం కొండ కిందే ఆగిపోతారు. ఉన్ని ముసుగు లోపలి నుంచి, వాళ్ళ అలవాటు ప్రకారం, ఆడపిల్లలా కీచుగొంతు పెట్టి అడిగాడు.

"వీడు గీతకి ఇవతలున్నాడా, అవతలున్నాడా?"

"ఇవతలే!" అని జనమంతా అరిచారు.

"అయితే ఈవిడ డబ్బు చెల్లుతుంది. గీత లోపలన్న మాట స్వామి విన్న మాట. ఇచ్చెయ్, లేకపోతే మూట కట్టు."

వాడు మూట కట్టాడు. తిట్టుకుంటూ పోతుంటే వదిన వెంటబడి, "ఆగాగు, నీ డబ్బు మర్చిపోయావ్" అని వాడి కోటు జేబులో గుప్పెడు రాళ్ళు పోసి వచ్చింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత తెలివితక్కువ నవ్వు నవ్వానో తెలిసొచ్చేసరికి ఆరేళ్ళు పట్టింది. గీత లోపల అన్న మాట చెల్లుతుందని ఆ రోజు ఊరందరి చేతా ఆమె ఒప్పించుకుంది.

హిలారియా మా ఆయన మెల్చోర్‌కి సొంత అక్క. గొర్రెల కాపరుల గుడిసెలో పుట్టింది. పన్నెండేళ్ళకు ఉర్కోస్‌లో ఒక దొరసాని ఇంట పనికి పెట్టారు. మెట్ల కింద పడుకోబెట్టేవారట. ఆరేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు తెచ్చుకున్నవి స్పానిష్ బూతులు, ఎవరు పిలిచినా పలక్కపోయే గుణం, రెండే. లారెస్ లోయలో ఒకడికిచ్చి పెళ్ళి చేశారు. పిల్లలు కలగలేదు. వాడు ఇంకొకతెను తెచ్చుకుని ఈమె బట్టలు గోడ మీద ఆరేసినట్టు బయట వేశాడు. ఇవేవీ ఆమె చెప్పిన సంగతులు కావు. ఆమె చెప్పదు. మా అత్తగారు బతికుండగా చెప్పింది.

నా పెళ్ళయిన మూడో నెలలో ఒక పొద్దున వీపు మీద ఒక కుండ, చంకలో చుట్టచుట్టిన గొర్రెతోలు పెట్టుకుని మా గడపలో దిగింది. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. పొయ్యి ఇంకా పూర్తిగా నాది కాలేదు.

"ఎన్నాళ్ళుంటావు వదినా?" అని అడిగాను. అడగకూడని మాటేం కాదు.

"నీ ఉప్పు అయిపోయేదాకా" అంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. మా ఇంట్లో ఉప్పు ఏనాడూ అయిపోలేదు.

ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ తలుపు పక్కనే ఆమె చోటు. నేను పులుసు పెడితే దూరం నుంచే వాసన చూసి, "మరదలా, ఇవాళ గినీపందుల కోసం వండావా, మనుషుల కోసమా?" అనేది. నేను ఉన్ని వడికితే దారం లాగి తెంపి చూపించేది. ఆమె వడికిన దారం తెగేది కాదు; ఆ మాట ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాను, ఇక చాలు. వడగళ్ళ మబ్బు లేస్తే ఊళ్ళో మగవాళ్ళు ఇళ్ళలో దూరేవాళ్ళు. ఈమె మాత్రం చేనుగట్టు మీద నిలబడి వడిసెల తిప్పుతూ మబ్బుని అమ్మనా బూతులు తిట్టేది. ఉర్కోస్‌లో నేర్చిన చదువంతా అక్కడే పనికొచ్చింది. మబ్బు పక్క ఊరి మీదికి పోయేది. పక్క ఊరివాళ్ళు మాతో మాటలు మానేశారు.

ఇక బీడు సంగతి. యురక్ ఉను, అంటే తెల్లనీళ్ళ బీడు, మా ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఎండాకాలం కూడా ఊట ఆగదు. అల్పకాలు ఈనడానికి అంత మెత్తటి గడ్డి ఈ చుట్టుపక్కల లేదు. మా ఊళ్ళో మేతభూమి మగపిల్లల పేరనే పోతుంది. మాకు మగపిల్లలు లేరు. మా అమ్మాయి అగ్రిపీనా పెళ్ళి చేసుకుని అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటే ఆ బీడు వాళ్ళకి ఇద్దామని నేను అనుకున్నాను. మెల్చోర్ కూడా తల ఊపాడు. ఆయన అన్నిటికీ తల ఊపేవాడు, అదే ఆయన రోగం.

రెండేళ్ళ కిందట యాత్రలో మా నాట్యగాళ్ళ మేళానికి నేను వంట చేస్తున్నాను. మెల్చోర్ ఆ మేళంలో పిల్లనగ్రోవి ఊదేవాడు. ఆటమైదానంలో ఉన్నాడంటే పులుసు పట్టుకుని వెళ్ళాను. వదిన రాళ్ళ దొడ్డి ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఆయన గొంతుక్కూర్చుని భూములమ్మే పెద్దమనిషి వేషం కడుతున్నాడు.

"అయ్యా, భూములమ్ముతారా?"

"అమ్ముతామమ్మా. ఎలాటిది కావాలి?"

"ఎండల్లో కూడా నీళ్ళుండేది. లేచి అవతలికి పోవే అని ఎవరూ అనలేనిది."

"అలాటిది ఒక్కటే ఉంది."

"దాని పేరేంటయ్యా?"

ఇక్కడ ఎవరైనా బంగారు బీడు అంటారు, దేవదూతల తోట అంటారు. ఆటలో ఇల్లు అనవచ్చు, పొలం అనవచ్చు, నిజంగా ఉన్న నేల పేరు మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే ఈ కొండలోనే ఉండే పాత దేవుడు, మా కొండతండ్రి, వింటాడు. చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నేను నవ్వడానికి నోరు తెరిచి ఉన్నాను. మెల్చోర్ ఉన్నట్టుండి వేషం గొంతు వదిలేసి, తన సొంత గొంతుతో, "యురక్ ఉను" అన్నాడు.

పక్క దొడ్లలో బేరాలాగిపోయాయి.

"ధర?" అంది వదిన.

"ఏడు రాళ్ళు."

ఆమె ఏడు రాళ్ళు ఆయన అరచేతిలో పెట్టి, మూసి, పైన ఎనిమిదోది పెట్టింది. "ఇది నీ నోటికి, తమ్ముడూ" అంది.

"మెల్చోర్! ఏమన్నావయ్యా నువ్వు?" పులుసు సగం నా పావడా మీదే ఒలికింది.

"ఆటే కదే."

"ఆటలో నిజం నేల పేరు చెప్తారా? తాగావా?"

"తాగలేదు" అన్నాడు. అదీ నిజమే.

"విన్నావుగా మరదలా, నువ్వూ సాక్షివే" అంది వదిన, తన దొడ్లో ఏడు రాళ్ళ చోటు చదును చేసుకుంటూ.

ఊరు చేరిన మర్నాడే తన పదకొండు అల్పకాలను తెల్లనీళ్ళ బీడుకు తోలింది. నేను ఊరి సభ పెట్టించాను. ఊరిపెద్ద ఫౌస్తీనో గడ్డం గోక్కున్నాడు, కోకా ఆకు నమిలాడు, మళ్ళీ గోక్కున్నాడు.

"రాళ్ళాటకి భూమి పోతుందా పెద్దయ్యా?" అన్నాను.

"పోదు."

"అయితే ఆ అల్పకాల్ని తోలించండి."

"పేరెత్తి అమ్మాడు కదమ్మా. స్వామి విన్నాడు, కొండతండ్రి విన్నాడు. ఇప్పుడు మేం కాదంటే వడగళ్ళు ఎవరి చేలో పడతాయి?"

"వడగళ్ళతో మాట్లాడేది మీ వదినేగా. ఆవిడతోనే కబురంపు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది.

చివరికి ఫౌస్తీనో ఇలా తేల్చాడు. స్వామికి మొక్కిన నాట్యం మూడేళ్ళు ఆడితేనే మొక్కు తీరినట్టు. అమ్మకమూ అంతే. మూడు యాత్రల్లో, అదే చోట, అదే పేరెత్తి ఆ మాట అంటే బీడు హిలారియాది, ఊరు అడ్డం రాదు. ఒక్కటి తప్పినా అది గాలిమాట. అందాకా ఆమె అల్పకాలు మేయవచ్చు.

"మూడేళ్ళేగా" అంది వదిన. "ముప్ఫయ్యేళ్ళు ఈవిడ పులుసు తాగాను, మూడేళ్ళో లెక్కా?"

మరుసటి యాత్రకు మెల్చోర్‌ను నా పావడా అంచుకు కట్టేసుకున్నంత పని చేశాను. పొయ్యి దగ్గరే కూర్చోబెట్టాను. ఊదితే ఇక్కడే ఊదమన్నాను. నాట్యగాళ్ళు గుడి నుంచి ఆకలితో వచ్చేసరికి కుండ పొంగింది. మూత తీసి, పొంగు ఆపి, తలెత్తేసరికి ఆయన చోట పిల్లనగ్రోవి ఒక్కటే ఉంది. పరుగెత్తలేదు. ఈ వయసులో ఆ ఎత్తు మీద పరుగెత్తితే స్వామి దగ్గరికి వేరే దారిలో పోతాను. గరిటె పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వచ్చాడు, తల వంచుకుని.

"ఎక్కడికెళ్ళావ్?"

"అక్క పిలిచింది."

"అమ్మావా?"

వంగి పిల్లనగ్రోవి తీసుకుని దుమ్ము దులిపాడు.

"పేరు చెప్పావా?"

"అడిగిందే."

"అడిగితే నన్ను కూడా అమ్ముతావా?"

"నిన్ను కొనే ధైర్యం ఎవరికుందే" అన్నాడు. చుట్టూ ఉన్న నాట్యగాళ్ళు ఈకల టోపీలు కింద పడేలా నవ్వారు. ఆయన నవ్వలేదు. కొండ దిగుతున్నప్పుడు, నేను మూడో గంట కూడా తిడుతూనే ఉంటే, ఒక్కమాట అన్నాడు.

"అక్క తను పడుకునే ఆ గొర్రెతోలు ఎప్పుడైనా పరిచి వదిలెయ్యడం చూశావా? రోజూ పొద్దున్నే చుట్టేసి గోడకి ఆనిస్తుంది. ముప్ఫయ్యేళ్ళు. రేపు వెళ్ళిపోయేదానిలాగ."

నేను చూశాను. అది ఆమె పొగరనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను కూడా. "ఎవరు చుట్టమన్నారు?" అన్నాను.

ఈ ఏడు జనవరి వానల్లో మెల్చోర్‌కి ఊపిరితిత్తులు పట్టేశాయి. పదిరోజులు దగ్గి చనిపోయాడు. వదిన ఆయన మొహం కడిగింది. నేను గోళ్ళు తీశాను. ఇద్దరం ఒకే గిన్నెలో నీళ్ళు వాడుకున్నాం. ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నేను చూడలేదు, చూడదలుచుకోలేదు.

ఎనిమిది రోజులయ్యాక ఆయన బట్టలు ఏట్లో ఉతికి వచ్చాం. తొమ్మిదో రోజు నేను తెల్లనీళ్ళ బీడుకు వెళ్ళి ఆమె పదకొండు అల్పకాలను కిందికి తోలుకొచ్చాను. అమ్మే నోరు పోయింది, అమ్మకమూ పోయింది. రెండేళ్ళ గాలిమాట. ఫౌస్తీనోని అడిగితే, "మూడోసారి అనడానికి మనిషేడీ? మగపిల్లలు లేనప్పుడు భర్త పోతే భార్యే కదా హక్కుదారు. ఇక నీ ఇష్టం దొమితిలా" అన్నాడు. నా ఇష్టం! ఆ మాట ఊరిపెద్ద నోట వినడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చేదాకా నోట్లో చప్పరించుకుంటూ వచ్చాను.

తన అల్పకాలు ఊరి రాతిదొడ్లోకి దిగడం వదిన చూసింది. నేను తయారుగా ఉన్నాను. ఆమె అనబోయే ప్రతి తిట్టుకూ జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. దారి పొడుగునా ఒకటికి రెండు చొప్పున కూర్చుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. తలలు లెక్కచూసుకుని, కుంటుతున్న పిల్ల అల్పకా కాలు చేత్తో పట్టి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. నాకు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు నా పులుసుకు వంక పెట్టినదానికి, బీడు పోయిన రోజున నోరు పడిపోతుందా? ఆ రాత్రి కావాలనే పులుసులో ఉప్పు ఎక్కువ వేశాను. అదీ మాట్లాడకుండా తాగింది.

ఫిబ్రవరి పోయింది, ఈస్టరు పోయింది. అల్పకాలు ఊరి పక్కన గరుకు గడ్డి కొరుక్కుంటూ చిక్కిపోయాయి. చూలుతో ఉన్నవి రెండు ఈచుకుపోయాయి. అగ్రిపీనా ఒకరోజు, "అమ్మా, బీడు ఖాళీగానే ఉందిగా, మేస్తే ఏం పోయింది?" అంది. "మేత మేయనిస్తే మాట ఒప్పుకున్నట్టే" అన్నాను. అది మూతి తిప్పుకుని పోయింది. దాన్నీ ఆమె మంచి చేసుకుంది, దారం వడకడం నేర్పి.

ఇప్పుడు మే నెలాఖరు. మంచు గట్టిగా పడుతోంది. యాత్రకు మేళం శనివారం బయలుదేరుతుంది. మొన్న పొద్దున, మంచుకు ఆరేసిన ఆలుగడ్డలు తొక్కడానికి గట్టు మీదికి పోయాను. రాత్రంతా గడ్డకట్టినవి ఎండకు మెత్తబడే వేళ కాళ్ళతో తొక్కి నీరు తీస్తే, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నిలవ ఉంటాయి. వట్టి కాళ్ళతోనే తొక్కాలి. ఒక్కదాన్నే తొక్కుతుంటే ఆమె వచ్చి చెప్పులు విడిచి, నా పక్కన కుప్పలోకి దిగింది. ఇద్దరం చాలాసేపు తొక్కాం. కుప్ప చిన్నది, భుజాలు రాసుకుంటున్నాయి.

"ఈసారి వంటకి వెళ్తున్నావా మరదలా?" అంది.

"వెళ్తున్నా. ఏం, నా పులుసు బాగోదని స్వామికి కూడా చెప్తావా?"

"ఆయన ఎప్పుడో విన్నాడు."

"బీడు సంగతి ఎత్తకు" అన్నాను. "ఎత్తావంటే ఈ ఆలుగడ్డలతో పాటు నిన్నూ తొక్కేస్తా."

"ఎత్తుతాను. తొక్కు."

ఆగిపోయాను. ఆమె ఆగలేదు, కాళ్ళు చూసుకుంటూ తొక్కుతూనే మాట్లాడింది. అరవై నాలుగేళ్ళ మనిషి. కాలివేళ్ళు చలికి నీలంగా ఉన్నాయి.

"మెల్చోర్ రెండుసార్లన్నాడు. ఆటే కదా అంటూ ఒకసారి, నీకు భయపడుతూ ఒకసారి. వాడి మాట నాకెప్పుడూ ఆనలేదు. చిన్నప్పట్నుంచీ వాడు నేనడిగిందల్లా ఇచ్చేవాడు. తన చేతిలో లేనిది కూడా. ఆ ఇంట్లో కాదనగలిగినదానివి నువ్వొక్కదానివే. మొదటి రోజున అడిగావు, ఎన్నాళ్ళుంటావని. ఇంకెవరూ అడగలేదు. ఉర్కోస్‌లో అడగలేదు, లారెస్‌లో అడగలేదు."

"అయితే?"

"ఈ ఏడు గీత లోపల నువ్వు దొడ్డి కట్టు. బీడిప్పుడు నీది, మూడో మాటా నీదే; వాడి చోట నువ్వు కూర్చో. నేను నీ దొడ్డి బయట నిలబడి అడుగుతాను, అందరూ అడిగినట్టే. ధర నీ ఇష్టం. ఏడు రాళ్ళను, ఏడొందలను, ఏరుకొస్తాను. అమ్మనంటావా, అదీ అక్కడే అను. మేళం ముందు, స్వామి ముందు. పొయ్యి దగ్గర గొణగొద్దు, అల్పకాల్ని తోలి చూపించొద్దు. నా మొహం చూసి, బీడు పేరెత్తి, ఇస్తే ఇచ్చానను, ఇవ్వకపోతే ఇవ్వనను. నీ నోటితో అను, దొమితిలా."